కారే కారు

బ్లైనై ఫెస్టినియోగ్‌లో వానను వాన అనరు.
"కాస్త తడిగా ఉంది" అంటారు.
పలకరాళ్ళ గుట్టల మీద
బలపంతో రాసినట్టు రాసి, చెరిపి,
మళ్ళీ అదే అక్షరం దిద్దుతూ ఉంటుంది ముసురు.

అలాంటి ఊళ్ళో మా అక్క ఎలూనెడ్
కప్పు లేని కారు కట్టుకుంది.
పదిహేడు అట్టపెట్టెల్లో వచ్చింది అది,
ఒక పెట్టెలో మరలు, ఒక పెట్టెలో ముక్కు,
ఇంకోదాంట్లో ఎవరికీ అర్థంకాని కాగితాలు.
అరవై రెండో ఏట, మోకాళ్ళకు పాత దిండు కట్టుకుని
రెండు చలికాలాలు షెడ్డులోనే గడిపింది.
పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళే
ఇప్పుడు కప్పెందుకు పెట్టించలేదని అడుగుతున్నారు.

మొదటి వానకే తేలిపోయింది:
కారు కారుతోంది.

నెత్తిన పడితే ఆమెకు కోపం లేదు.
తెరిచి ఉంచిన చోట తడవడం మర్యాదే.
మూసిన చోటు నుంచి,
తనే సీలు పూసి, వేలితో నునుపు చేసిన అతుకు లోంచి,
కుడి మోకాలి మీద
సరిగ్గా ఒకే చోట
టప్.
అది తలవంపు.

ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టాం.
నేను బయట, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాతో.
ఆమె లోపల తలకిందులుగా:
సీటు వీపు మీద కాళ్ళు, పెడల్స్ మధ్య తల, చేతిలో టార్చి.
అతుకుల వెంట గోధుమపిండి చల్లింది,
నీటి అడుగుజాడ దొరుకుతుందని.

"ఇప్పుడు?"
"ఊహూఁ."
"ఇప్పుడు?"
"కొంచెం కుడికి. నీ కుడి కాదు, నా కుడి."
"ఇప్పుడో?"
"ఆఁ! కంట్లో పడింది."

నీళ్ళు దూరేది ఒకచోట, రాలేది ఇంకోచోట.
వైపరు కడ్డీ చుట్టూ తిరిగి,
ఇంజను గోడ వెంట పాకి,
వైర్ల కట్ట పట్టుకుని కాసేపు ఊగి,
తీరిగ్గా మోకాలి దగ్గర దిగుతాయి.
పిండి మీద చీమలబారంత చార,
దాని మొదట్లో ఒక చిల్లు.
నాలుగు వందల పన్నెండు రివెట్లలో
కొట్టని ఒకే ఒక్కటి.

ఆ వరసకు గన్ పట్టింది నేనే.
ఆ సాయంత్రం డాక్టరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది నాకు.
గన్ బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళాను,
చాలాసేపటికి వచ్చాను,
ఎక్కడ ఆపానో మరిచి ఇంకెక్కడో మొదలుపెట్టాను.

అక్క ఏమీ అడగలేదు, అప్పుడూ ఇప్పుడూ.
కన్ను తుడుచుకుని, జేబులోంచి ఒక రివెట్ తీసి
నా అరచేతిలో పెట్టింది.
"కొట్టు."

అయినా నేల మీద నీళ్ళు నిలిచాయి.
టైరు చిమ్మినవి, భుజం దాటి జారినవి,
సీటు స్పాంజి తాగి తాగి కక్కినవి.
టీ కప్పుతో తోడాం. కేకు రేకు పెట్టి పట్టాం.
మూడో వారం డ్రిల్లు తెచ్చి
అంత ప్రేమగా మూసిన నేలకి
తన చేత్తోనే చిల్లు పెట్టింది.
బుడబుడమని షెడ్డు గచ్చు మీదికి పోతుంటే
ఇద్దరం వంగి చూస్తూ కూర్చున్నాం.
"దీనికి బిరడా వద్దా?"
"ఏమో. చూద్దాం."

వేగం నలభై దాటితే వాన మాకు అందదు,
ముందు గాజు ఎక్కి, తలల మీదుగా దూకి
వెనక రోడ్డు మీద పడుతుంది.
ఆగితేనే చిక్కు.

క్రిమియా కనుమ దిగువన, రోడ్డు పనుల దగ్గర, ఎర్రదీపం.
ఎదుటి నుంచి ఒక్క బండీ లేదు, గొర్రెలు తప్ప.
నేను గొడుగు విప్పి ఇద్దరి మీదా పట్టాను.
అక్క కుడి మోకాలు తడిమి చూసుకుంది,
మళ్ళీ తడిమింది.
పసుపు కోటు పనివాడు పార మీద గడ్డం ఆనించి
మమ్మల్నీ గొడుగునీ తనివితీరా చూశాడు.

"కాస్త తడిగా ఉంది కదూ," అన్నాడు.
"కాస్త," అంది అక్క.

పచ్చ వెలిగింది.
"గొడుగు మూయి," అంది, గేరు వేస్తూ,
"ఎగిరిపోతాం."